వీలునామా చేతిలో ఉన్నది – ఆస్తి పేరు మారేదెలా?

మన ఇళ్ళలో కొన్ని మాటలు తిన్నగా అనరు. దీపం ఆరిందనరు, కొండెక్కిందంటారు. బియ్యం అయిపోయాయనరు, నిండుకున్నాయంటారు. వీలునామా అనే మాట కూడా ఆ కోవలోదే. ఇంటి యజమాని పొరపాటున ఆ మాట ఎత్తితే ఇల్లాలు "అవేం మాటలండీ, సంధ్యవేళ!" అని కసురుకుంటుంది. పిల్లలు ముఖాలు పక్కకు తిప్పుకుంటారు. అంతటితో ఆ ప్రసంగం ముగుస్తుంది.

అయినా కొందరు పెద్దలు పట్టుదల కలవారు. ఎవరికీ చెప్పకుండా వీలునామా రాసి, బీరువాలో పట్టుచీరల అడుగున పెట్టి, తాళంచెవి మొలకు కట్టుకుని తిరుగుతారు. వారు పోయిన తరువాత, పన్నెండో రోజు భోజనాలు అయ్యాక, ఆ కాగితం బయటికి వస్తుంది. అప్పుడు మొదలవుతుంది అసలు సందేహం. కాగితం ఉన్నది, సంతకం ఉన్నది. మరి ఇల్లు అమ్మగారి పేరుకు మారేదెలా? పొలం పాసుపుస్తకం ఎవరికి వస్తుంది? బ్యాంకువారు డబ్బు ఇస్తారా? పక్కింటి పెద్దమనిషి ఒకరు గంభీరంగా "దీనికి ప్రొబేటు తెచ్చుకోవాలండీ. కోర్టు వ్యవహారం. మూడేళ్ళో, అయిదేళ్ళో!" అంటారు. అంతే, ఇంటిల్లిపాదికీ గుండెలు జారిపోతాయి.

ఆ పెద్దమనిషి మాట కొంతవరకే నిజం. తెలుగుదేశంలో చాలా కుటుంబాలకు ఆ భయం అక్కరలేదు. ఎవరికి అక్కరలేదో, ఎవరికి జాగ్రత్త అవసరమో, అసలు చేయవలసిన పనులేమిటో ఈ నాలుగు పేజీలలో చెప్పుకుందాం.

ప్రొబేటు అంటే ఏమిటి?

ప్రొబేటు అంటే మరేమీ కాదు. "ఇది ఫలానావారు నిజంగా రాసిన చివరి వీలునామాయే" అని కోర్టు విచారించి, ముద్రవేసి ఇచ్చే నకలు. దానిని పొందేది ఎగ్జిక్యూటరు, అంటే వీలునామాను అమలుపెట్టే బాధ్యత ఎవరికి అప్పగించారో ఆయన. వీలునామాలో ఎగ్జిక్యూటరును పేర్కొనకపోతే కోర్టు మరొక రకం పత్రం ఇస్తుంది. వీలునామాను జతపరచి, ఆస్తిని చక్కబెట్టే అధికారాన్ని ఒకరికి అప్పగిస్తుంది.

ఇక్కడ ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ప్రొబేటు ఇచ్చే కోర్టు వీలునామా నిజమైనదా కాదా అన్నదే చూస్తుంది. ఆ ఇల్లు చనిపోయినాయన సొంతమా కాదా అన్నది అక్కడ తేలదు. "మా నాన్నగారు తనది కాని పొలాన్ని కూడా తమ్ముడికి రాశారు" అనే తగాదా వస్తే దానికి వేరే దావా వేసుకోవలసిందే. ప్రొబేటు వస్తే సర్వం తేలిపోయినట్టేనని అనుకోవడం భ్రమ.

మద్రాసుకో న్యాయం, బెజవాడకో న్యాయం

మరి ఆ పక్కింటి పెద్దమనిషికి ఈ ప్రొబేటు మాట ఎక్కడినుంచి వచ్చింది? దీని వెనుక పాత కథ ఉన్నది.

ఇంగ్లీషువారి హయాంలో 1870లో హిందువుల వీలునామాల చట్టం ఒకటి వచ్చింది. అది దేశమంతటికీ వర్తించలేదు. బెంగాలు లెఫ్టినెంటు గవర్నరు పాలనలోని ప్రాంతానికి, మద్రాసు, బొంబాయి నగరాలకు మాత్రమే వర్తించింది. తరువాత వచ్చిన 1925 నాటి భారత వారసత్వ చట్టం కూడా ఆ గీతను అలాగే ఉంచింది. ఆ చట్టంలోని 57, 213 సెక్షన్లను కలిపి చదివితే తేలేది ఇది: హిందువు మద్రాసు నగరపు హద్దుల్లో వీలునామా రాసినా, ఆ హద్దుల్లో ఉన్న స్థిరాస్తి గురించి మరెక్కడ రాసినా, ప్రొబేటు లేకుండా ఆ వీలునామా ఆధారంగా కోర్టులో హక్కు స్థాపించుకోవడానికి వీలులేదు. బొంబాయి, కలకత్తాల సంగతీ ఇంతే.

అంటే బెజవాడలో ఉంటూ, బెజవాడ ఇంటి గురించి వీలునామా రాసినవారి కుటుంబానికి ప్రొబేటు నిర్బంధం లేదు. గుంటూరుకు లేదు, కర్నూలుకు లేదు, హైదరాబాదుకూ లేదు. కాని అదే బెజవాడ పెద్దమనిషికి మద్రాసు త్యాగరాయనగరులో ఒక చిన్న వాటా ఉంటే దానికి మాత్రం ప్రొబేటు కావలసివచ్చేది. మద్రాసులో తరతరాలుగా కాపురమున్న తెలుగు కుటుంబాలకు ఈ బాధ బాగా తెలుసు. వారి నోట విన్న మాటే బంధువుల ద్వారా మన ఊళ్ళకూ పాకి, "వీలునామా అంటే ప్రొబేటు" అనే నమ్మకం స్థిరపడిపోయింది.

ముస్లిములకు ఆ 213వ సెక్షను మొదటినుంచీ వర్తించలేదు. భారతీయ క్రైస్తవులకు 2002 సవరణతో మినహాయింపు వచ్చింది. ఒక్కొక్క మతానికీ, ఒక్కొక్క నగరానికీ ఒక్కొక్క రూలుగా ఉన్న ఈ వ్యత్యాసాన్ని పార్లమెంటు చివరకు 2025 డిసెంబరులో తొలగించింది. ఆ 213వ సెక్షనునే చట్టంలోనుంచి తీసివేసింది. ఇప్పుడు మద్రాసు వాటాకు కూడా ఆ పాత నిర్బంధం లేదు. అయితే అంతకుముందే కోర్టుకెక్కిన కేసులు, అంతకుముందే పోయినవారి వీలునామాలు ఉన్నవారు తొందరపడక, తమ కాగితాలు వకీలుకు చూపించి అడగడం మంచిది.

ప్రొబేటు వద్దన్నంత మాత్రాన రుజువు వద్దని కాదు

ఇది అన్నిటికంటె ముఖ్యమైన సంగతి. ప్రొబేటు నిర్బంధం కాదు గనుక వీలునామా ఎలా రాసినా చెల్లుతుందని అనుకోరాదు. ఎవరైనా అభ్యంతరపెట్టిన రోజున దాన్ని కోర్టులో రుజువు చేసి తీరాలి. ఆ రుజువుకు కావలసిన బలం రాసేనాడే ఇచ్చి ఉండాలి.

చట్టం అడిగేది ఎక్కువేమీ కాదు. రాసేవారు మేజరై, స్థిమితమైన మనసుతో ఉండాలి. వీలునామా మీద సంతకమో, వేలిముద్రో వేయాలి. ఇద్దరు సాక్షులు ఉండాలి. ఆ సాక్షులలో ప్రతివారూ రాసినాయన సంతకం చేస్తుండగా చూడాలి, లేదా "ఇది నా సంతకమే" అని ఆయన నోట విని ఉండాలి. తరువాత ఆయన ఎదుటనే తాము సంతకం చేయాలి. సాక్షులిద్దరూ ఒకే సమయంలో ఉండాలన్న నియమం లేదు. లోపల ఏం రాశారో సాక్షులకు తెలియనక్కరలేదు.

స్టాంపు కాగితం అక్కరలేదు. తెల్లకాగితం చాలు. స్వదస్తూరితో రాసుకోవచ్చు. వీలునామాకు స్టాంపు సుంకమే లేదు. రిజిస్ట్రేషను కూడా ఐచ్ఛికమే. ఇన్ని వెసులుబాట్లు ఉన్న దస్తావేజు మరొకటి లేదు.

కాని సాక్షుల ఎంపికలోనే చాలామంది తప్పటడుగు వేస్తారు. వీలునామాను కోర్టులో రుజువు చేయాలంటే, బతికి ఉన్న సాక్షులలో కనీసం ఒకరిని బోను ఎక్కించాలి. పాత సాక్ష్య చట్టంలో ఉన్న ఈ నియమం 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన కొత్త చట్టంలోనూ ఉన్నది. డెబ్బయి అయిదేళ్ళాయన తన ఎనభై ఏళ్ళ స్నేహితులిద్దరి చేత సాక్షి సంతకాలు చేయిస్తే, పదేళ్ళ తరువాత ఆ సాక్ష్యం చెప్పేదెవరు? కాబట్టి సాక్షులు తనకంటె వయసులో చిన్నవారై, ఒకచోట స్థిరంగా ఉండేవారై, ఆస్తిలో ఏ లాభమూ పొందనివారై ఉండాలి. కుటుంబ డాక్టరుగారు ఒక సాక్షి అయితే మరీ మంచిది. మతిస్థిమితం గురించి రేపు ప్రశ్న వస్తే ఆయన మాటకు విలువ ఉంటుంది.

నాటి మైసూరు రాష్ట్రం నుంచి వెళ్ళిన ఒక కేసులో 1958లో సుప్రీంకోర్టు చెప్పిన సూత్రాలను కోర్టులు ఈనాటికీ ఉదాహరిస్తూనే ఉన్నాయి. సంతకం వణికి అనుమానంగా ఉన్నా, రాసినాయన మనసు బలహీనంగా ఉన్నదనిపించినా, కడుపున పుట్టినవారికి కారణం లేకుండా మొండిచెయ్యి చూపినా, లాభం పొందేవాడే దగ్గరుండి వీలునామా రాయించినా – ఆ అనుమానాలన్నిటినీ తీర్చవలసిన భారం వీలునామాను ముందుకు తెచ్చినవారిదే. పెద్దకొడుకే ప్లీడరును పిలుచుకొచ్చి, పెద్దకొడుకే కాగితం చదివి వినిపించి, యావదాస్తీ పెద్దకొడుకుకే వస్తే, జడ్జిగారి కనుబొమలు ముడిపడక మానవు.

ఒక ఇంటి లెక్క చూద్దాం

మాటలతో చెబితే అర్థం కానిది లెక్కతో చెబితే అర్థమవుతుంది. తెనాలిలో ఒక రిటైరయిన హెడ్మాస్టరుగారు ఉన్నారనుకుందాం. తెనాలిలో ఒక ఇల్లు, స్వగ్రామంలో రెండెకరాల మాగాణి, బ్యాంకులో కొంత డిపాజిట్టు, కొన్ని కంపెనీ షేర్లు. అన్నీ ఆయన స్వార్జితమే. భార్య ఉన్నది. పెద్దబ్బాయి హైదరాబాదులో, చిన్నబ్బాయి అమెరికాలో, అమ్మాయి బెజవాడలో. ఇల్లు భార్యకు, మాగాణి కొడుకులిద్దరికీ చెరిసగం, డిపాజిట్టూ షేర్లూ కూతురికి అని వీలునామా రాసి, రిజిస్ట్రీ చేయించి, ఆయన కన్నుమూశారు. పిల్లల మధ్య తగాదా లేదు. ఇప్పుడు ఆ ఇల్లాలు ఏమేం చేయాలి?

మొదటిది, మరణ ధ్రువపత్రం. చావును ఇరవైయొక్క రోజులలోపు నమోదు చేయించాలి. ఆలస్యమైతే అవుతుంది గాని తిరగడం ఎక్కువ. పదిపన్నెండు ప్రతులు ఒక్కసారే తీసిపెట్టుకుంటే ప్రతి ఆఫీసుకూ మళ్ళీ పరుగెత్తే పని ఉండదు.

రెండోది, వీలునామా అసలు ప్రతి. దీన్ని ఎవరి చేతికీ వదిలిపెట్టరాదు. ఎక్కడ అడిగినా నకలు ఇచ్చి, అసలు చూపించి, మళ్ళీ ఇంటికి తెచ్చుకోవాలి. రిజిస్టరయిన వీలునామా పోయినా, రిజిస్ట్రారు ఆఫీసులో వీలునామాలకు ప్రత్యేకంగా ఉండే మూడో నెంబరు పుస్తకంలో దాని ప్రతి ఉంటుంది. రాసినాయన బతికి ఉండగా దాని నకలు ఆయనకో, ఆయన ఏజెంటుకో తప్ప ఇతరులకు ఇవ్వరు. పోయిన తరువాత అడిగినవారికి ఇస్తారు. కూతురో కొడుకో రహస్యం పసిగడతారని రిజిస్ట్రేషనుకు భయపడేవారు ఇది గమనించాలి.

వీలునామా రిజిస్టరు కాకపోతే? అప్పుడూ దారి ఉన్నది. రాసినాయన పోయిన తరువాత కూడా ఎగ్జిక్యూటరు గాని, దానికింద హక్కు పొందేవారు గాని రిజిస్ట్రారు ముందు దాఖలు చేయవచ్చు. ఇది ఫలానావారు రాసినదేనా, ఆయన పోయారా, తెచ్చినవారికి ఆ హక్కు ఉన్నదా అనే మూడు సంగతులు విచారించి, తృప్తిపడితే రిజిస్టరు చేస్తారు.

మూడోది, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం. ఆయనకు భార్య, పిల్లలు ఎవరెవరున్నారో రెవిన్యూవారు ఇచ్చే పత్రం ఇది. వీలునామా ఉన్నా దీన్ని అడుగుతారు. వీలునామా లేకపోతే ఎవరికి వాటా వచ్చేదో వారు అభ్యంతరపెడతారా లేదా అన్నదే ఆఫీసుల అసలు భయం.

నాలుగోది, ఆ భయాన్ని తీర్చే కాగితం. "మా నాన్నగారి వీలునామా మాకు సమ్మతమే, దాని ప్రకారం పేరు మార్చడానికి మాకు అభ్యంతరం లేదు" అని ముగ్గురు పిల్లలూ ఇచ్చే అఫిడవిట్టు. చట్టం తప్పనిసరి అనకపోయినా, ఈ ఒక్క కాగితం పది తిప్పలు తప్పిస్తుంది. అమెరికాలో ఉన్న చిన్నబ్బాయి ఇండియన్ కాన్సలేటులో ధ్రువపరచిన పత్రం పంపవచ్చు. తన తరఫున పనులు చూడడానికి అన్నగారికి పవరాఫ్ అటార్నీ ఇస్తే, అది మన దేశానికి చేరిన మూడు నెలలలోపు ఇక్కడ స్టాంపు వేయించుకోవాలని మరువరాదు.

ఇక పేరు మార్పులు. ఇంటికి పురపాలక సంఘంలో దరఖాస్తు పెట్టి పన్ను రికార్డులో అమ్మగారి పేరు ఎక్కించుకోవాలి. దానితోపాటు కరెంటు మీటరు, నీటి కుళాయి. మాగాణికి తహసీల్దారు దగ్గర మ్యుటేషను. ఆంధ్రప్రదేశ్‌లో 1971 నాటి భూమి హక్కుల, పట్టాదారు పాసుపుస్తకాల చట్టం కింద ఈ పని జరుగుతుంది. వన్‌బీ, అడంగల్‌లలో పేరు మారాలి. ఇదే మాగాణి నల్లగొండలోనో కరీంనగరులోనో ఉంటే 2025లో వచ్చిన భూభారతి చట్టం వర్తిస్తుంది. అక్కడా వీలునామా మీద మ్యుటేషనుకు తహసీల్దారు విచారణ ఉంటుంది. వెనుకటి రోజుల్లో కరణంగారి దగ్గర కూర్చుంటే అయిపోయే పని ఇది. 1984లో కరణీకాలు పోయాయి, కంప్యూటర్లు వచ్చాయి. కాని సర్వే నెంబరు, విస్తీర్ణం, హద్దులు సరిగా రాయని వీలునామా కరణంగారినీ ఇబ్బంది పెట్టింది, కంప్యూటరునూ ఇబ్బంది పెడుతుంది.

బ్యాంకు సంగతి. నామినీ ఉంటే బ్యాంకు నామినీకి డబ్బు ఇచ్చి తన బాధ్యత తీర్చుకుంటుంది. నామినీ లేకపోయినా చిన్న మొత్తాలకు కోర్టు పత్రాలు అడగకుండా చెల్లించే పద్ధతి ఉన్నది. 2025 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశాల ప్రకారం వాణిజ్య బ్యాంకులలో ఈ హద్దు 15 లక్షల రూపాయలు. కావలసిన కాగితాలన్నీ అందిన 15 రోజులలోపు క్లెయిము పరిష్కరించాలని కూడా అందులో ఉన్నది.

ఇదంతా చేస్తే ఆ ఇంటివారు కోర్టు గుమ్మం తొక్కకుండానే పని పూర్తిచేసుకుంటారు. ఓపిక కావాలి, కాగితాలు కావాలి. అన్నిటికంటె ముందు పిల్లల మధ్య పొత్తు కావాలి.

రెండు భ్రమలు

మ్యుటేషను అయితే ఆస్తి తనదైపోయినట్టేనని కొందరి భ్రమ. పన్ను ఎవరి దగ్గర వసూలు చేయాలో తెలుసుకోవడానికి సర్కారు రాసుకునే పేరు అది. దానివల్ల హక్కు పుట్టదు, హక్కు పోదు. వీలునామా మీదనే వివాదం ఉంటే హక్కుదారులు ముందు సివిలు కోర్టులో తేల్చుకోవాలని 2021లో మధ్యప్రదేశ్ నుంచి వచ్చిన కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. కాబట్టి అన్నగారు ముందుగా పరుగెత్తి తన పేరు ఎక్కించుకున్నంత మాత్రాన చెల్లెలు గుండె చెదరనక్కరలేదు. అన్నగారు మీసం దువ్వనక్కరలేదు.

నామినీ అయితే డబ్బు తనదేనని రెండో భ్రమ. బ్యాంకు డిపాజిట్టులో నామినీ డబ్బు పుచ్చుకునే మనిషి మాత్రమే. ఆ డబ్బు వీలునామా ప్రకారం, వీలునామా లేకపోతే వారసత్వ చట్టం ప్రకారం, అసలు హక్కుదారులకు చేరాలి. కంపెనీ షేర్ల విషయంలో కూడా ఇదే సూత్రమని 2023 డిసెంబరులో సుప్రీంకోర్టు తేల్చింది. జీవితబీమాలో మాత్రం 2015 సవరణ తరువాత కొంత తేడా ఉన్నది. తల్లిదండ్రులను, భార్యను లేక భర్తను, పిల్లలను నామినీలుగా పెడితే ఆ సొమ్ము వారిదే అవుతుంది. మన హెడ్మాస్టరుగారు డిపాజిట్టు కూతురికని వీలునామాలో రాసి, బ్యాంకులో ఏనాడో పెద్దకొడుకును నామినీగా పెట్టి మరిచిపోయారనుకోండి. అన్నాచెల్లెళ్ళ మధ్య మాట పోవడానికి అంతకంటె ఏం కావాలి? వీలునామా రాసిన రోజునే నామినీ కాగితాలన్నీ తీసి సరిచూసుకోవాలి.

సక్సెషన్ సర్టిఫికేట్ అనే మాట కూడా వినబడుతూ ఉంటుంది. అది రావలసిన అప్పులకు, డిపాజిట్లకు, షేర్ల వంటి సెక్యూరిటీలకు మాత్రమే కోర్టు ఇచ్చేది. ఇంటికీ పొలానికీ దానితో పనిలేదు. దానికోసం దరఖాస్తు పెట్టి నెలలు పోగొట్టుకుని, చివరికి "ఇల్లు ఇందులో రాదమ్మా" అనిపించుకున్నవారు లేకపోలేదు.

ఎప్పుడు కోర్టుకు వెళ్ళడమే మేలు?

నిర్బంధం లేకపోయినా ప్రొబేటు కోరి తెచ్చుకోవడమే మంచిదనిపించే సందర్భాలు ఉన్నాయి. వారసులలో ఒకరు "ఇది నాన్నగారి సంతకం కాదు" అంటున్నప్పుడు. రెండు మూడు వీలునామాలు బయటపడి, ఏది చివరిదో తెలియనప్పుడు. చెల్లేది చివరిదే గదా! సాక్షులు వృద్ధులై, వారు ఉండగానే వారి సాక్ష్యం రికార్డు కావాలనుకున్నప్పుడు. ఆస్తి పెద్దదై, కొనేవారో అప్పిచ్చే బ్యాంకో కోర్టు ముద్ర ఉంటేగాని కదలమన్నప్పుడు. ప్రొబేటు వచ్చిన తరువాత అది వీలునామా నిజమా కాదా అన్న విషయంలో అందరికీ వర్తిస్తుంది. మళ్ళీ ప్రతి ఆఫీసులోనూ అదే రుజువు చేయనక్కరలేదు.

అందరూ ఒక మాట మీద ఉండి, వీలునామాలోని పంపకం మాత్రం ఎవరికీ నచ్చని సందర్భం మరొకటి ఉన్నది. అమెరికా అబ్బాయికి పొలం ఎందుకు, అది అక్కయ్యకిద్దామనుకోవచ్చు. అప్పుడు వీలునామాను దిద్దడానికి ఎవరికీ అధికారం లేదు. తనకు వచ్చిన వాటాను రిజిస్టరు దస్తావేజుతో వదులుకోవచ్చు, ఇవ్వవచ్చు, లేదా అందరూ కలిసి కుటుంబ ఒప్పందం రాసుకోవచ్చు. ఏ దస్తావేజుకు ఎంత స్టాంపు పడుతుందో ముందుగా కనుక్కుని ఎంచుకోవాలి.

ఇల్లాలి నీడ

ఇక చివరగా, ఈ వ్యాసంలోకెల్లా బరువైన సంగతి. మన పెద్దలు రాసే వీలునామాలలో తరచు ఒక వాక్యం కనబడుతుంది. "నా తదనంతరం నా భార్య సదరు ఇల్లు యావజ్జీవం అనుభవించి, ఆమె తదనంతరం నా కుమారులకు చెందవలెను." రాసినాయన ఉద్దేశం మంచిదే. భార్యకు నీడ ఉండాలి, ఆస్తి బయటికి పోరాదు. కాని ఆ వాక్యం కోర్టుల్లో రేపినంత చర్చ మరొకటి రేపలేదు.

1956 నాటి హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షను స్త్రీ చేతిలో ఉన్న ఆస్తికి సంపూర్ణ హక్కు ఇచ్చింది. మనోవర్తికి బదులుగా పరిమిత హక్కుతో ఇచ్చిన ఆస్తి కూడా ఆమెకు సంపూర్ణంగా దఖలు పడుతుందని 1977లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఆ కేసు మన ఆంధ్రదేశపు వితంతువు ఒకామెదే. అయితే అదే సెక్షనులోని రెండో భాగం, వీలునామాతో పరిమిత హక్కే ఇస్తే పరిమితంగానే ఉంటుందంటుంది. ఏ వీలునామా ఏ భాగం కిందికి వస్తుందన్న వాదం దశాబ్దాలుగా నలుగుతూనే ఉన్నది. ఈ మధ్యలో తల్లి ఇల్లు అమ్మబోతే కొడుకు దావా వేస్తాడు, తల్లి అమ్మకపోతే కూతురు నిష్ఠూరమాడుతుంది.

కాబట్టి భార్యకు ఇవ్వదలచుకుంటే "అమ్ముకొనుటకు, దానమిచ్చుటకు సర్వహక్కులతో" అని విప్పి రాయండి. నలభై యాభై ఏళ్ళు సంసారం దిద్దిన మనిషికి, వైద్యానికి డబ్బు కావలసివచ్చిన రోజున కొడుకుల సంతకం కోసం ఎదురుచూసే గతి పట్టరాదు. జీవితకాలపు హక్కే ఇవ్వదలచుకుంటే ఎందుకు అలా ఇస్తున్నారో, ఆమె పోషణకు వేరే ఏం ఏర్పాటు చేశారో ప్లీడరుగారితో ఆలోచించి స్పష్టంగా రాయండి.

కూతుళ్ళ సంగతీ మరువరాదు. పిత్రార్జితంలో పెళ్ళికాని కూతుళ్ళకు కొడుకులతో సమాన హక్కు ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు 5 నుంచే ఉన్నది. 2005లో కేంద్ర చట్టం ఆ హక్కును పెళ్ళయిన కూతుళ్ళకు, దేశమంతటికీ విస్తరించింది. అందుచేత తండ్రి వీలునామా రాయగలిగేది తన స్వార్జితానికి, పిత్రార్జితంలో తన వాటాకు మాత్రమే. కూతురి వాటా కూడా కలిపి కొడుకుకు రాస్తే ఆ మేరకు ఆ రాత చెల్లదు. "కట్నం ఇచ్చాం గదా" అన్న మాట కోర్టులో నిలవదు.

రాసిన వీలునామాను బతికి ఉన్నంతకాలం ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. చించివేయనూవచ్చు. ఇంట్లో భద్రం లేదనుకుంటే కవరులో పెట్టి, సీలు వేసి, జిల్లా రిజిస్ట్రారు దగ్గర దాచుకునే ఏర్పాటు కూడా 1908 నాటి రిజిస్ట్రేషను చట్టంలో ఉన్నది. కావాలంటే ఆయనే వెనక్కి తీసుకోవచ్చు. పోయిన తరువాత ఎవరైనా దరఖాస్తు పెడితే కవరు విప్పి, పుస్తకంలోకి ఎక్కిస్తారు.

దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలన్నారు పెద్దలు. వీలునామా రాసినంత మాత్రాన ఎవరి ఆయుర్దాయమూ తరగదు. రాసి, ఎక్కడ పెట్టారో ఇంట్లో ఒక్కరికైనా చెప్పి, సాక్షుల పేర్లూ ఊళ్ళూ ఒక చీటీ మీద రాసి దానితో జతపరచి ఉంచితే, మిగిలినవారు కోర్టు మెట్లు లెక్కపెట్టే పని చాలావరకు తప్పుతుంది. సంధ్యవేళ వద్దంటే, ఆదివారం ఉదయం కాఫీ తాగుతూ ఆ మాట ఎత్తండి.